గ్లాసుడు వేడినీళ్ళు

2003 జూన్ 19

అప్పారావుని తీసుకెళ్ళిపోయారు. మోయడానికి నలుగురు దొరక్క ట్రాక్టరు మీద పెట్టారు. రైసుమిల్లులో బాయిలరు దగ్గర పదేళ్ళు చేసిన మనిషి, ఒక్క హమాలీ ముందుకి రాలేదు. పెద్దాసుపత్రి కాగితంలో ఎయిడ్స్ అని రాసుందిట. అది ఎవడో చదివి ఊరంతా చాటాడు. ఆడవాళ్ళు ఆ వీధి కుళాయికి వెళ్ళడం మానేశారు. వెధవ జనం. ముట్టుకుంటే అంటదర్రా అని నేను అరుగు మీద నిలబడి గొంతు చించుకున్నాను. "అయితే మీరొక చెయ్యి వెయ్యండి డాక్టరు గారూ" అన్నాడొకడు. మోకాలు నొప్పిగా ఉందని చెప్పి వచ్చేశాను.

మోకాలు బాగానే ఉంది.

జనవరిలో అప్పారావుకి జ్వరం వస్తే ఇంజక్షను వేసింది నేనే. సూదికి మూత పెడుతుంటే జారి నా బొటనవేల్లో దిగింది. పిండేసి స్పిరిట్ రాసుకున్నాను. ఇరవై ఆరేళ్ళ ప్రాక్టీసులో ఇలాంటివి వంద అయ్యుంటాయి. దానికీ దీనికీ సంబంధం లేదు.

మందుల కంపెనీ వాళ్ళిచ్చిన డైరీ ఖాళీగా ఉందని రాస్తున్నాను, అంతే.

జూన్ 20

ఆ రోజు సిరంజి కొత్తది. కవరు చింపి తీశాను. నాకు బాగా గుర్తు.

జూన్ 24

ఇవాళ ముప్పై మంది వచ్చారు. మండపేటలో చదువుకున్న డాక్టర్లు నలుగురున్నా మా ఊరి జనం నా దగ్గరికే వస్తారు. "వీరబ్రహ్మం గారి హస్తవాసి మంచిదండి" అంటారు. ఆ మాట వింటే ఇప్పటికీ ఛాతీ ఉబ్బుతుంది, దాచడమెందుకు.

కనకవల్లి నా ప్యాంట్లన్నీ కుట్టుమిషను దగ్గర పెట్టుకుని కూర్చుంది. నడుం దగ్గర రెండేసి అంగుళాలు లోపలికి కుట్టాలిట. "ఏంటండీ ఇలా అయిపోతున్నారు, ఫిబ్రవరిలో ఆ జ్వరం వచ్చినప్పటి నుంచీ మనిషి మనిషిలా లేరు" అంది. టైఫాయిడ్ తర్వాత ఎవరైనా అంతేనే అన్నాను. అది టైఫాయిడ్ అని చెప్పింది ఎవరు? నేనే. మందు ఇచ్చిందీ నేనే. పది రోజుల జ్వరం, ఒంటి నిండా దద్దుర్లు, మెడ కింద బిళ్ళలు. ఇంకొకడికి వచ్చుంటే రాజమండ్రి పంపేవాణ్ణి.

జూన్ 27

రాజమండ్రి వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చాను. పేరు భీమరాజు అని, ఊరు తణుకు అని చెప్పాను. ల్యాబులో అమ్మాయి చెయ్యి పట్టుకుని కొత్త సూది కవరు చింపింది. చింపిన చప్పుడుకి ఎందుకో ఒళ్ళు జలదరించింది.

జూన్ 28

ఉంది.

జూన్ 30

మళ్ళీ చేయించుకోమని పెద్దాసుపత్రికి పంపారు. అక్కడా అదే. రక్తపరీక్ష గదిలో ఉమాశ్రీ అని ఒకావిడ, చిన్న వయసే, ఎదురుగా కూర్చోబెట్టి చాలా మర్యాదగా మాట్లాడింది. ఆ మర్యాదే నాకు మండింది.

"బయట ఏమైనా అలవాట్లు ఉన్నాయా అండి? ఫరవాలేదు, ఇక్కడ ఎవరికీ చెప్పం."

"లేవమ్మా. నేను డాక్టర్ని. సూది గుచ్చుకుంది."

"అలాగా అండి. ఏ సూదండి? ఎవరికి వాడిందండి? తర్వాత ఆ సూది ఏం చేశారు?"

పారేశానని చెప్పాను. ఆవిడ రాసుకుంది. అలా రాసుకుంటుంటే నేను తల పైకెత్తి గోడ మీద బొమ్మ చూశాను. కడుపుతో ఉన్న అమ్మాయి బొమ్మ. పురుటి నొప్పుల్లో తల్లికి ఒక మాత్ర, పుట్టాక బిడ్డకి కాసిని చుక్కలు, అలా చేస్తే తల్లి జబ్బు బిడ్డకి రాకుండా చాలావరకు ఆపచ్చని రాసుంది. ముందు పరీక్ష చేయించుకోవాలిట.

బస్సులో కడియం దాటాక గుర్తొచ్చింది. అప్పటిదాకా గుర్తు రాలేదని రాస్తే అబద్ధం. ఆ బొమ్మ చూడగానే గుర్తొచ్చింది. కడియం దాకా వేరే ఏదో ఆలోచిస్తున్నట్టు నటించాను, నా దగ్గరే.

జనవరిలో ఆ రోజు అప్పారావు తర్వాత నేను వెళ్ళిన ఇల్లు మహాలక్ష్మమ్మ గారిది. వాళ్ళ కోడలు నాగదుర్గకి మూడో నెల. వాంతులు ఆగడం లేదంటే ఇంజక్షను వేశాను.

జూలై 3

ఇంట్లో ఇంకా చెప్పలేదు. వీధి గదిలో పడుకుంటున్నాను, ఉక్కగా ఉందని.

సిరంజి విషయం. ఉన్నది ఉన్నట్టు రాయాలి. కొత్తది కాదు. రోజుకి ఒక సిరంజి తీస్తాను, సాయంత్రం దాకా అదే. ఈ చుట్టుపక్కల చాలామంది అలానే చేస్తారు. కానీ ఇంటింటికీ కడుగుతాను. నా మోపెడ్ చప్పుడు వినపడగానే పొయ్యి మీద నీళ్ళు పెడతారు. "వేడినీళ్ళు గ్లాసుడు తెండమ్మా" అని నేను అడిగే లోపే పట్టుకొస్తారు. రెండుసార్లు లోపలికి లాగి బయటికి చిమ్ముతాను. ఇరవై ఆరేళ్ళుగా అదే పద్ధతి.

నాగదుర్గకి వేసే ముందు కూడా కడిగాను.

జూలై 4

కడిగాను. ఇత్తడి గ్లాసు. పొగలు వస్తున్నాయి.

జూలై 7

ఛీ. ఎవరికి చెబుతున్నాను ఈ కథలు? ఈ పుస్తకం చదివేది నేనొక్కణ్ణే.

ఇత్తడి గ్లాసే. అందులో కాఫీ ఉంది. మహాలక్ష్మమ్మ గారు ఎదురొచ్చి "రండి డాక్టరు గారూ, మీరొచ్చారు, ఇంక నాకు బెంగ లేదు. పోయినేడు మా ఆయన్ని బతికించింది మీ చెయ్యే కదండీ" అంది. వీధి అరుగు మీద ఇద్దరు చుట్టాలున్నారు, వాళ్ళకి వినపడేలా అంది. నేను కాళ్ళు చాపుకుని కాఫీ తాగాను. ఆ పిల్ల లోపల వాంతి చేసుకుంటోంది. "తొందరగా వేసెయ్యండి, చూళ్ళేకపోతున్నాం" అన్నారు. వేసేశాను. నీళ్ళు అడగలేదు. అడిగితే తెచ్చేవారు. వాళ్ళ పొయ్యి మీద కాగుతూనే ఉన్నాయి.

సూది వంకర పోయిందని సిరంజితో సహా వాళ్ళ పెరట్లోనే విసిరేశాను. అందుకని తర్వాత ఇళ్ళకి వేరేది వాడాను. దేవుడి దయ అనుకున్నాను ఒక్క నిమిషం. దయట! అది ఆ రోజు సంగతి. మిగతా రోజుల సంగతి ఎవరు చెబుతారు?

వేడినీళ్ళతో కడిగితే ఆ పురుగు చస్తుందా అంటే, అదీ తెలీదు నాకు. చావదేమో. మరగబెట్టాలి, ఇరవై నిమిషాలు. తెలిసే చెయ్యలేదు.

నా ఒంట్లోకి వచ్చిందంటే ఆ సూదిలో ఉన్నట్టే. నా వేల్లో దిగిన పావుగంటకి ఆ పిల్ల చేతిలో దిగింది. రాకపోయే వీలు కూడా ఉంది. చాలామందికి రాదని ఉమాశ్రీ గారే చెప్పారు. నాకు వచ్చిందిగా మరి.

కాన్పు ఆగస్టు రెండో వారంలో. ఏడో నెలలోనే పుట్టింటికి కోరుకొండ తీసుకెళ్ళారు. చెప్పాలి. చెబితే మాత్ర దొరుకుతుంది, బిడ్డ బతుకుతాడు. నేను పోతాను. ఎలాగూ పోతాను కదా అంటే, అది వేరు. జబ్బుతో పోతే ఇంటి దాకానే. ఇది చెబితే "హస్తవాసి మంచిదండి" అన్న ప్రతి నోరూ నా మొహాన ఉమ్మేస్తుంది.

జూలై 9

మార్గం దొరికింది. ఎడమ చేత్తో రాశాను, ఇన్‌లాండ్ కవరు మీద. నాగదుర్గ మొగుడు శివరామకృష్ణ పేరున మండపేటలో పోస్టు చేశాను.

"మీ భార్యకు కాన్పుకు ముందే ఎయిడ్స్ రక్తపరీక్ష చేయించండి. ఆలస్యం చేస్తే బిడ్డకు ప్రమాదం. పెద్దాసుపత్రిలో మందు ఉన్నది. ఇట్లు మీ మేలు కోరేవాడు."

ఆకాశరామన్న ఉత్తరాలు ఊళ్ళో ఎన్నో చూశాం. ఫలానావాడి మీద, ఫలానా ఆవిడ మీద. మంచి కోసం రాసింది ఇదొక్కటే అయ్యుంటుంది. ఇన్నాళ్ళకి ఇవాళ అన్నం సహించింది.

జూలై 14

పొద్దున్నే శివరామకృష్ణ వచ్చాడు. పేషెంట్లందరూ వెళ్ళే దాకా బల్ల మీద కూర్చున్నాడు. ఆఖర్న జేబులోంచి తీసి నా ముందు పెట్టాడు. నా ఎడమ చేతి రాత.

"చదవండి డాక్టరు గారూ. మీరు తప్ప ఈ ముక్క ఎవరికి చూపించగలనండి?"

చదివినట్టు చేశాను.

"ఎవడు రాసుంటాడంటారు? కోరుకొండ వాడేనండి, పెళ్ళికి ముందు సంగతి తెలిసినవాడే. లేకపోతే ఆ జబ్బు పేరు దాని మీద ఎందుకు రాస్తాడు? ఊరికే ఎవడైనా రాస్తాడా?" కుర్రాడికి పాతికేళ్ళుండవు. "నాకు ఏ అలవాట్లూ లేవండి, అమ్మ మీద ఒట్టు. మరి దానికెలా వస్తుందండి?"

అప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను కూడా. నోట్లోంచి వచ్చిన మాట ఇది: "పరీక్ష చేయిస్తే పోయేదేముంది బాబూ."

వాడు నన్ను చూసిన చూపు! "అంటే మీకూ అనుమానమేనా అండి?" అన్నాడు. అబ్బే అది కాదు, మంచి పిల్ల, నేను చెప్పేదేంటంటే, అని ఏదో నసిగాను. వాడు ఉత్తరం మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "మీకూ అనిపించిందంటే ఇంక నేను అడగక్కర్లేదు" అని లేచిపోయాడు.

నేను కుర్చీలోంచి లేవలేదు. గుమ్మం దాకా వెళ్ళి పిలిస్తే వెనక్కి వచ్చేవాడు.

జూలై 18

మహాలక్ష్మమ్మ గారు కోరుకొండ కబురు పెట్టారుట, మీ పిల్లని ఇంక మీరే ఉంచుకోండని. ఉత్తరం సంగతి ఇంట్లోనే దాచుకుంటే బాగుండేది, ఊరంతా తెలిసింది. కనకవల్లి కూరలు తరుగుతూ నాకు చెప్పింది. "ఎవడో గానీ ఆ ఉత్తరం రాసిన చెయ్యి పడిపోను" అంది.

అవును అన్నాను.

జూలై 21

రేపు వెళ్తాను కోరుకొండ.

జూలై 22

జ్వరం.

జూలై 25

జ్వరం తగ్గింది. రేపు.

జూలై 31

నిన్న పుష్కరాలు మొదలయ్యాయి. ఊరు ఊరంతా రాజమండ్రి పోతోంది. ప్రాక్టీసు మూసేశానని గుమ్మానికి కాగితం అంటించాను. అయినా జ్వరం పిల్లల్ని ఎత్తుకుని తలుపు కొడుతున్నారు. "ఒక్క ఇంజక్షను వేసెయ్యండి డాక్టరు గారూ, మీ చెయ్యి పడితే చాలు." తలుపు తియ్యకుండా లోపల కూర్చుని చెవులు మూసుకున్నాను.

ఆగస్టు 2

రాజమండ్రి దాకా వెళ్ళాను. జనం. కోరుకొండకి బస్సులు లేవు, అన్నీ పుష్కరాలకి తిప్పేస్తున్నారు. ఏం చెయ్యను, తిరిగొచ్చేశాను.

ఆగస్టు 3

నిన్న బస్సులున్నాయి. నా ముందు నుంచి మూడు వెళ్ళాయి. మూడో దాంట్లో సీటు కూడా ఉంది, కండక్టరు రమ్మని పిలిచాడు. నేను రేవులోకి దిగి నెత్తి మీద మూడుసార్లు నీళ్ళు పోసుకుని వచ్చాను. పాపం పోతుందేమోనని కాదు, బస్సు ఎక్కకుండా ఉండడానికి ఏదో ఒక పని కావాలిగా.

ఇవాళ కనకవల్లికి చెప్పేశాను. మొత్తం. జబ్బు, సూది, కాఫీ, ఉత్తరం. మధ్యలో ఆపలేదు, ఏడవలేదు. అంతా విని అడిగింది, "నాకు కూడా ఉందా?"

తెలీదు అన్నాను.



ఆగస్టు 4

నాగదుర్గకి నిన్న తెల్లవారుజామున కాన్పయింది. మగపిల్లాడు. ఇంట్లోనే, మంత్రసాని చేతిలో. వారం ముందే వచ్చేసింది. రాకేం చేస్తుంది, మొగుడొదిలేశాడని తెలిసి అన్నం నీళ్ళు మానేసిందిట. మహాలక్ష్మమ్మ గారి ఇంట్లో మనవడు పుట్టాడన్న సందడే లేదు.

నొప్పుల్లో మాత్ర ఇవ్వాలి. నొప్పులు అయిపోయాయి. నిన్న తెల్లవారుజామున. మొన్న సాయంత్రం నేను రేవులో నీళ్ళు పోసుకుంటున్నాను.

ఇంక వెళ్ళి ఏం లాభం అని పడుకున్నాను. కనకవల్లి వచ్చి కాళ్ళ దగ్గర నిలబడింది. "ఆ గోడ మీద బిడ్డకి చుక్కలు అని కూడా రాసుందన్నారు. దానికి గడువెంత?" అంది.

మూడు రోజులని ఉమాశ్రీ గారు చెప్పినట్టు గుర్తు.

"రేపు పొద్దున్న మొదటి బస్సు. నేనూ వస్తాను. మీ ఒక్కరినీ నమ్మను."

ఆగస్టు 6

నిన్నటిది రాయాలి. 

నాగదుర్గ వాళ్ళ నాన్న వేంకటేశ్వర్లు గారు నన్ను చూసి ఎదురొచ్చారు. అల్లుడి తరఫున రాజీకి వచ్చాననుకున్నారు. కుర్చీ వేయించారు. "మీలాంటి పెద్దమనుషులు ఒక మాట చెబితే వాళ్ళు వింటారండి. నా కూతురు నిప్పండి" అన్నారు. కనకవల్లి నా వెనకే నిలబడింది.

నిలబడే చెప్పాను. ఉత్తరం రాసింది నేనే అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, రెండోసారి చెప్పాను. సూది సంగతి చెప్పాను. నాకున్న జబ్బు పేరు చెప్పాను. ఆయన చేతిలో ఉన్న చెంబు నా మొహాన విసిరారు. తర్వాత కిందపడేసి తన్నారు. కనకవల్లి అడ్డం రాలేదు. ఆయన అలిసిపోయి ఆగాక అప్పుడంది, "బాబుగారూ, ఈయన్ని తర్వాత చంపండి. ముందు బిడ్డని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. రేపు తెల్లారితే గడువు అయిపోతుందిట."

ఆటోలో వెళ్ళాం. పుష్కరాల జనంలో రెండు గంటలు పట్టింది. పచ్చి బాలింత, పొట్ట పట్టుకుని కూర్చుంది. వాళ్ళమ్మ ఒళ్ళో బిడ్డ. నేను ముందు డ్రైవరు పక్కన. వెనక్కి తిరగలేదు. 

ఆసుపత్రిలో ఉమాశ్రీ గారు నన్ను గుర్తుపట్టారు. పారేశానన్న ఆ సూది గురించి ఆవిడ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. గబగబా రక్తం తీయించారు. గంటన్నర కూర్చున్నాం. కనకవల్లి కూడా ఇచ్చింది.

కనకవల్లికి లేదు.

నాగదుర్గకి ఉంది.

ఉమాశ్రీ గారు బిడ్డ నోట్లో చుక్కలు వేయించారు. "తల్లికి నొప్పుల్లో మాత్ర పడుంటే ఇంకా నమ్మకంగా చెప్పేదాన్ని. ఇప్పుడు మన ప్రయత్నం మనం చేశాం. వచ్చిందో లేదో ఖాయంగా తెలియాలంటే ఏడాదిన్నర నిండాలి" అన్నారు. పోతపాలు పట్టగలిగితే తల్లి పాలు ఆపేయమన్నారు. వేంకటేశ్వర్లు గారు గోడకి తల ఆనించి నిలబడ్డారు. ఆయన మీసం మీద నుంచి కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

పాలడబ్బా నేను తెస్తానని బయటికి పరిగెత్తాను. నాలుగు షాపులు తిరిగాక దొరికింది, సీసా కూడా. తెచ్చి ఇస్తే ఆయన అందుకోలేదు. నేల మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వచ్చాను. అప్పుడు వాళ్ళమ్మ వచ్చి తీసుకుని నీళ్ళు కాచుకొస్తానని వెళ్ళింది.

కనకవల్లి ఆవిడ వెంట వెళ్ళింది, వేంకటేశ్వర్లు గారు చీటీ రాయించడానికి లోపలికి వెళ్ళారు. వరండాలో బెంచీ మీద నాగదుర్గ, నేను మిగిలాం. బిడ్డ ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మొహం నల్లబడిపోతోంది. ఆ పిల్ల జాకెట్టు తడిసిపోయింది, చీర కొంగు అడ్డం పెట్టుకుంది. చాలాసేపు బిడ్డనే చూసి తలెత్తింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూర్చున్నాను.

"అమ్మ వచ్చే దాకా ఆగలేడండి. ఈ ఒక్కసారికీ ఇవ్వచ్చా, డాక్టరు గారూ?" అని అడిగింది.

"వద్దమ్మా" అన్నాను.

సరేనండి అని బిడ్డని భుజం మీదకి మార్చుకుంది.